గండికోటను తలకిందులు చేసి చూసే కన్ను

ఉపగ్రహం తీసిన బొమ్మలో గండికోట లోయను తొలిసారి చూసినవాళ్లు చాలామంది దాన్ని కొండవరస అనుకుంటారు. కారణం ఎండ. నేలను చూసే ఉపగ్రహాలు ఎక్కువగా ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. అప్పుడు ఎండ ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి పడుతుంది. ఉత్తరాన్ని పైకి పెట్టిన బొమ్మలో వెలుగు కిందినుంచి వచ్చినట్టుంటుంది. మన కంటికి మాత్రం వెలుగు పైనుంచి రావడమే అలవాటు. అందుకే గుంత గుట్టవుతుంది, గుట్ట గుంతవుతుంది. చేయి తిరిగిన నిపుణుడు బొమ్మను తలకిందులు చేస్తాడు. అంతే, ఎర్రమలను చీల్చుకుంటూ పెన్న పాతాళానికి దిగిపోతుంది! చంద్రుడి గుంతల దగ్గరా ఇదే మోసం, ఇదే విరుగుడు.

అంతకన్నా గొప్ప విద్య బొమ్మల్లోంచి ఎత్తు రాబట్టడం. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1లో ఒక కెమెరా 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కి వాలి చూసేవి. ఒకే నేలను సుమారు 52 సెకన్ల తేడాతో రెండు కోణాల్లో పట్టేవి. రెండు బొమ్మల్లో కొండకొన ఎంత జరిగిందో కొలిస్తే ఎత్తు తేలుతుంది. చంద్రయాన్-1 కెమెరా ఇదే పని మూడు కోణాల్లో, 5 మీటర్ల వివరంతో చేసింది. చంద్రయాన్-2 బొమ్మలైతే పావు మీటరు వివరం. వాటిలో రాయీ గుంతా ఏరి చూసి, చంద్రయాన్-3కు 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పున్న చోటు ఖాయం చేశారు. 2023 ఆగస్టు 23న ల్యాండరు చంద్రుడి మీద దిగినప్పుడు అందరూ దాన్నే పొగిడారు. నా చప్పట్లు మాత్రం తెరల ముందు కూర్చుని రాళ్లూ గుంతలూ లెక్కపెట్టినవాళ్లకే.

ఇక రంగులు. పరారుణ కాంతిని ఎరుపుగా చూపే బొమ్మలో పులివెందుల అరటి, చీనీ తోటలు ఎర్రగా భగ్గుమంటాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు తడిసిన నల్లరేగడి ముదురుగా పడుతుంది, చెరువు నీళ్లూ ముదురుగానే పడతాయి. ఏది చేనో ఏది చెరువో ఆ నేల మీద నడిచినవాడే తడుముకోకుండా చెప్పగలడు. అందుకే ఈ విషయంలో నేను బాలానగర్ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాతకాపుల పక్షం. నేల మీదికెళ్లి సరిచూడని బొమ్మను వాళ్లు పటమనరు.

ఈ నడక మనకు కొత్త కాదు. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక కలెక్టరు మన్రో పొలాలు కొలిపించాడు. సర్వేయరు మెకంజీ మనుషులు పటాలూ కైఫీయతులూ పోగుచేశారు. మెకంజీ వెనక ఆయన సహాయకులు కావలి సోదరులున్నారని మరవకూడదు. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ల మీద గ్రంథం అచ్చేశాడు, ఉపగ్రహం లేదు, విమానం లేదు. ఇక్కడి ఒక రాతిపొరకు పులివెందుల పేరే ఉంది.

ఇప్పటి తీరు చూస్తే కడుపు మండుతోంది. డ్రోను ఎగరేసి, మీట నొక్కి, రంగులు పూసి పటమని అమ్ముతున్నారు. నేల మీద కొలిచి గుర్తుపెట్టిన ఒక్క కంట్రోల్ పాయింటూ ఉండదు. గట్టు రెండు గజాలు జరిగితే అన్నదమ్ములు కోర్టుకెక్కే సీమ ఇది! ప్రొద్దుటూరు అంగట్లో గీటురాయి మీద గీయకుండా బంగారం కొంటామా? పటం మాత్రం మెరుపు చూసి కొంటున్నాం. చంద్రుడి బొమ్మలకు కృత్రిమ మేధతో పదును పెట్టేవాళ్లు మరీ దారుణం. కెమెరా చూడని గుంతలు అందులో పుట్టుకొస్తాయి. దాన్ని నేను దొంగసాక్ష్యమనే అంటాను.

పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల ఉంది, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. అయ్యా, పిల్లల్ని తెరల ముందునుంచి లేపి గండికోటకు తీసుకెళ్లండి. ఒక చేతికి బొమ్మ, ఇంకో చేతికి నేల కొలిచే జీపీఎస్ రోవరు ఇవ్వండి. గొలుసు పట్టి లింకులు లెక్కపెట్టిన పాత సర్వేయర్లు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లను పిలిచి, తగిన వేతనమిచ్చి పాఠం చెప్పించండి. వానలు వెనకబట్టాక ఆకాశం తేటపడుతుంది, మబ్బు లేని బొమ్మలు దొరుకుతాయి. ఈ చలికాలమే మొదలుపెట్టండి.