‘హ్యాండ్‌బిల్ట్ బై రోబోట్స్’: ఫియట్ స్ట్రాడా ప్రకటన – గతకాలమోహం – అదృశ్యమైన చేయి

1. ఉపోద్ఘాతం:

వస్తువు నశించినా దాని ప్రకటన జ్ఞాపకంలో నిలిచిపోవడానికి బ్రిటన్‌లో తరచుగా చెప్పుకునే ఉదాహరణ ఫియట్ స్ట్రాడా. ఇటలీలో 1978లో ‘రిత్మో’ (లయ) అన్న పేరుతో వెలువడిన ఈ హ్యాచ్‌బ్యాక్ కారు బ్రిటన్, అమెరికాలలో ‘స్ట్రాడా’ (దారి) అయింది. 1988లో దాని స్థానంలోకి టిపో వచ్చింది. ఆ కాలపు కార్ల రేకుకు తుప్పు ప్రధాన శత్రువు. నేడు బ్రిటన్ రోడ్లపై స్ట్రాడా కనిపించడం చాలా అరుదు. 1979 నాటి దాని టెలివిజన్ ప్రకటన మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కారులో ఒక్కసారైనా కూర్చోనివారు సైతం ఆ ప్రకటనను ఆప్యాయంగా తలచుకుంటారు. (తెలుగువారికి ‘ఫియట్ కారు’ అనగానే స్ఫురించేది ప్రీమియర్ పద్మిని. అది హ్యాచ్‌బ్యాక్ కాదు; దానిపై ఉన్న మమకారం స్వభావమూ వేరు.) కారును విడిచి ప్రకటనను పట్టుకున్న ఈ మోహం దేన్ని గుర్తుంచుకుంటోంది, దేన్ని మరచిపోతోంది అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

2. ప్రకటన నిర్మాణం:

కాలెట్ డికెన్సన్ పియర్స్ సంస్థ రూపొందించిన ఈ ప్రకటనకు దర్శకుడు హ్యూ హడ్సన్. 1981లో ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ చిత్రానికి దర్శకత్వం వహించినది ఇతడే. కర్మాగారంలో కారు దేహాలు కదులుతుంటాయి. యంత్రబాహువులు వంగి, లేచి, నిప్పురవ్వలు చిమ్ముతూ వాటిని అతుకుతుంటాయి. నేపథ్యంలో రొస్సీని ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ సంగీతనాటకంలోని ఫిగారో పాట వినిపిస్తుంది. ధర, మైలేజీ, సౌకర్యాల ఏకరువు లేదు. చివర నినాదం: ‘హ్యాండ్‌బిల్ట్ బై రోబోట్స్’. కారు ఎలా నడుస్తుందో చెప్పకుండా ఎలా పుడుతుందో చూపడమే ఇందులోని నవ్యత.

రొలాఁ బార్త్ 1957లో వెలువరించిన ‘మిథాలజీస్’లో సిట్రొయెన్ డి.ఎస్. కారు గురించి రాసిన వ్యాసం ఇక్కడ పోల్చదగినది. నునుపైన ఆ కారు ఉపరితలం మానవశ్రమ జాడను చెరిపివేసి, వస్తువు ఆకాశం నుంచి ఊడిపడినట్టు భ్రమింపజేస్తుందని అతని పరిశీలన. స్ట్రాడా ప్రకటన దీనికి పూర్తిగా ఎదురుదిశలో వెళ్లింది. అతుకులను దాచలేదు, అతికే క్రియనే ఉత్సవంగా మార్చింది. అయినా ఫలితం ఒక్కటే. బార్త్ చెప్పిన కారులో శ్రమ కనిపించదు. ఇక్కడ శ్రమ కనిపిస్తుంది, శ్రామికుడు కనిపించడు. రెండోదే ఎక్కువ నేర్పుగల మాయ.

3. నినాదంలోని విరోధాభాస:

ఆలంకారిక పరిభాషలో ఈ నినాదం విరోధాభాస. పైకి విరోధం తోచి, అర్థాంతర స్ఫురణతో అది పరిహారమైనప్పుడే ఈ అలంకారం సిద్ధిస్తుంది. ‘చేతితో చేసినది’ అన్న మాట ఖరీదైన కార్లకు, మేలిమి వస్తువులకు గౌరవవాచకం. ‘రోబో’ అన్న మాట చేతికి ప్రత్యామ్నాయం. యంత్రానికీ బాహువు ఉందన్న స్ఫురణతో విరోధం తీరుతుంది. నవ్వూ, ఆశ్చర్యమూ అక్కడే పుడతాయి.

అయితే ఈ పరిహారానికి వాస్తవం అడ్డుతగులుతుంది. ఫియట్ అనుబంధ సంస్థ కొమావు రూపొందించిన ‘రోబోగేట్’ వ్యవస్థ చేసినది ప్రధానంగా కారు దేహపు వెల్డింగు. స్వయంచాలిత ట్రాలీలపై వచ్చిన దేహాన్ని రోబోలు అతికేవి. తరువాతి బిగింపు పనులలో మనిషి చేయి అవసరం తీరిపోలేదు. కనుక నినాదంలోని అలంకారం ఉన్న చేతులను లేనట్టు చూపితేనే నిలుస్తుంది. చమత్కారం చూసి మురిసే విమర్శ ఈ దగ్గర ఆగిపోకూడదు.

‘రోబో’ శబ్దచరిత్ర ఈ విరోధాన్ని మరింత లోతుకు తీసుకుపోతుంది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకం ద్వారా ఈ పదం లోకవ్యాప్తమైంది. దానికి మూలమైన ‘రొబోతా’కు భూస్వామికి విధిగా చేయవలసిన చాకిరి అని అర్థం, తెలంగాణ చరిత్ర తెలిసినవారికి ‘వెట్టి’ అంటే వెంటనే బోధపడుతుంది. ఆ నినాదాన్ని వ్యుత్పత్త్యర్థంతో తెలిగిస్తే ‘వెట్టివాళ్ల చేతిపని’ అవుతుంది. యంత్రం పేరులోనే వెట్టి మనిషి ఉన్నాడు. ప్రకటన అతణ్ని తెరమీదికి రానివ్వలేదు గాని, నినాదంలోంచి తీసివేయలేకపోయింది.

4. ఫిగారో గొంతు:

సంగీతపు ఎంపికను ‘ఇటలీ కారుకు ఇటలీ సంగీతం’ అని సరిపెట్టుకోవడం పరిపాటి. 1816లో రోమ్‌లో తొలిసారి ప్రదర్శితమైన ఆ సంగీతనాటకంలో ఫిగారో మంగలి. ఊరందరికీ అన్ని పనులూ చేసిపెట్టేవాడు. అందరూ తననే పిలుస్తున్నారని, తాను లేనిదే ఎవరికీ గడవదని గర్వంగా పాడుకుంటాడు. అంటే అది పనివాడు తన చేతినేర్పును తానే కీర్తించుకున్న పాట. పనివాడి అవసరం తీరిపోయిందని ప్రకటించే దృశ్యాలకు, తన అవసరాన్ని చాటుకునే పనివాడి గొంతును జోడించారు. దర్శకుడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా దృశ్యానికీ పాటకూ మధ్య ఈ వైరుధ్యం ఉంది. ప్రకటనలోని అత్యంత విలువైన కళాంశం ఇదే. ఆ యంత్రశాలలో వినిపించే మనిషి జాడ ఆ గొంతొక్కటే.

5. కర్మాగారం గేటు దగ్గర:

ప్రకటన వెలువడిన కాలాన్ని పక్కన పెడితే దాని బలం అర్థం కాదు. బ్రిటన్‌లో 1978–79 చలికాలమంతా సమ్మెల కాలం. 1979 మేలో మార్గరెట్ థాచర్ ప్రధాని అయ్యారు. వాణిజ్య ప్రకటనలకు వేదికైన ఐటీవీ సైతం ఆ ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సమ్మెతో మూగబోయింది. అలాంటి వేళ, వేతనం అడగని, పని ఆపని చేతులను చూపడం కేవలం సాంకేతిక ప్రదర్శన కాజాలదు.

ఇటలీలో ఆ చేతుల కథ వేరుగా నడిచింది. 1969 నాటి ‘వేడి శరదృతువు’ సమ్మెలలో దక్షిణాది నుంచి తురీన్‌కు వలసవచ్చిన కార్మికులు ముందునిలిచారు. నాన్ని బాలెస్త్రీని 1971 నవల ‘వొల్యామో తుత్తో’ అటువంటి ఒక ఫియట్ కార్మికుడి స్వరంతోనే సాగుతుంది. 1980 సెప్టెంబరులో ఫియట్ 14,469 మందిని తొలగించనున్నట్టు ప్రకటించింది. కార్మికులు 35 రోజులు గేట్ల దగ్గర నిలబడ్డారు. అక్టోబరు 14న మేస్త్రీలు, కార్యాలయ ఉద్యోగులు పని మొదలుపెట్టాలంటూ తురీన్ వీధుల్లో ఊరేగారు. ‘నలభై వేలమంది ఊరేగింపు’గా అది చరిత్రకెక్కింది. పోరాటం ఓడింది, దాదాపు 23,000 మంది పని లేకుండా భృతిపై ఉండిపోయారు. దీనికి రోబోలొక్కటే కారణమనడం సరికాదు. అమ్మకాల క్షీణత ఉంది, సంఘాల బలాన్ని విరవాలన్న యాజమాన్య సంకల్పమూ ఉంది. కాని ఏడాది ముందు ప్రకటన చూపిన మనుషుల్లేని కర్మాగారం, ఏడాది తరువాత గేటు బయట నిలిచిన మనుషులు ఒకే చరిత్రకు రెండు ముఖాలు. ‘వొల్యామో తుత్తో’ను ఈ ప్రకటన పక్కన పెట్టి చదివితే తెరమీద లేని సగం కనిపిస్తుంది.

6. రాని భవిష్యత్తుపై మోహం:

‘నాస్టాల్జియా’ మొదట ఒక రోగం పేరు. 1688లో యొహానెస్ హోఫర్ స్వదేశానికి దూరమైన స్విస్ వారి వ్యాధికి పెట్టిన పేరది. ఇంటిబెంగ అన్న తెలుగు మాట దానికి దగ్గరగా వస్తుంది. స్వెత్లానా బొయిమ్ 2001లో ప్రచురించిన ‘ది ఫ్యూచర్ ఆఫ్ నాస్టాల్జియా’లో దీన్ని రెండుగా విభజించింది. ఒకటి పోయిన ఇంటిని తిరిగి కట్టాలనుకునేది, మరొకటి ఆ దూరాన్ని ఎరిగి ఆలోచించేది. స్ట్రాడా ప్రకటనపై మోహం ఈ రెంటిలోనూ సూటిగా ఇమడదు. తలచుకునేవారు బెంగపడేది 1979 నాటి జీవితం గురించి కాదు, 1979 ఊహించిన రేపటి గురించి. యంత్రం ఇంకా వింతగా ఉన్న రోజు అది. రోబోను చూసి ఉద్యోగం గురించి భయపడే ముందు చప్పట్లు కొట్టగలిగిన రోజు.

ఆనాటి ప్రేక్షకులు అంత అమాయకులు కారు. బీబీసీ హాస్య కార్యక్రమం ‘నాట్ ది నైన్ ఓ క్లాక్ న్యూస్’ ఈ ప్రకటనకు పేరడీ చేసి ‘రోబోట్స్’ను ‘రాబర్ట్స్’గా మార్చింది. ఒక్క పదపు విరుపుతో పేరున్న మనుషులు కర్మాగారంలోకి తిరిగివచ్చారు. అయితే ఆ హాస్యపు గురి బ్రిటిష్ కార్మికుడి పనితనం మీద. మనిషి తెరమీదికి రావాలంటే నవ్వులపాలు కావలసివచ్చింది. మూలప్రకటన కంటే ఈ పేరడీయే ఆ కాలపు మనఃస్థితికి నమ్మదగిన సాక్ష్యం.

మిగిలిన కొద్ది కార్లను ఇప్పుడు కాపాడుతున్నది పాత వాహనాల అభిమానులు. తుప్పు తిన్న రేకును కోసి, కొత్త ముక్కను కొలిచి, రోబోగేట్ ఒకప్పుడు వేసిన అతుకులను వారు ఒక్కొక్కటిగా చేతితో వేస్తున్నారు.