ఆరేళ్లు పరుగెత్తిన గుర్రాలు

కలకత్తా సియాల్దా స్టేషన్లో బడ్జ్ బడ్జ్ లోకల్ ఎక్కితే బాలీగంజ్, టాలీగంజ్, మాజేర్‌హాట్, సంతోష్‌పూర్, ఆక్రా, నంగీ మీదుగా వెళ్లి హుగ్లీ ఒడ్డున బడ్జ్ బడ్జ్ ఊళ్లో దింపుతుంది. పట్టాలు అక్కడితో సరి. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు మద్రాసు నుంచి ఓడలో వచ్చి కలకత్తాకు రైలెక్కింది ఈ ఊళ్లోనే. 1914 సెప్టెంబరు 29న కొమగటా మారు ఓడ ప్రయాణికుల మీద కాల్పులు జరిగిందీ ఇక్కడే. నది పొడవునా జూట్ మిల్లులు. హుగ్లీ తీరపు మిల్లుల్లో గోనె నేయడానికి శ్రీకాకుళం, విశాఖ, గంజాం పల్లెల నుంచి తరాల తరబడి తెలుగువాళ్లు వలస వచ్చారు.

ఇలాంటి బెంగాల్ లోకల్ రైళ్లలో అప్పుడప్పుడు ఒక బావుల్ గాయకుడు ఎక్కుతాడు. కాషాయపు జుబ్బా, కాలికి గజ్జెలు, చంకలో ఖమక్. చూడ్డానికి ఖమక్ చిన్న డోలులా ఉంటుంది. ఒక వైపు తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు నడిమి నుంచి ఒక నరం బయటికి వస్తుంది, దాని చివర పిడి. ఒక చేత్తో పిడిని లాగుతూ, సడలిస్తూ, రెండో చేత్తో మీటితే అది మనిషిలా మూలుగుతుంది, నవ్వుతుంది, ప్రశ్న అడుగుతుంది.

శ్రీకాకుళం మనిషి ఎవరైనా ఆ శబ్దం వింటే తలెత్తి చూస్తాడు. అది మన జముకు. ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ల చేతిలోనూ, తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడికలోనూ పలికేది ఇదే సూత్రం: తోలు, నరం, బిగువు. బెంగాలీ బావుల్‌కూ మన కథకుడికీ వాద్యం ఒకే వంశానిది.

ఆ బావుల్ బాణీని పాశ్చాత్య గిటార్ పక్కన కూర్చోబెట్టి, రెండింటిలో ఏదీ తల వంచకుండా పాట కట్టవచ్చని 1970ల నడుమ కలకత్తాలో ఏడుగురు యువకులు నమ్మారు. వాళ్ల బ్యాండు పేరు ‘మొహీనేర్ ఘోరాగులి’, అంటే మహీనుడి గుర్రాలు. 1975లో మొదలై 1981లో ఆగిపోయింది. ఆరేళ్లలో మూడు చిన్న రికార్డులు తెచ్చారు. అన్నీ కలిపినా పాటలు పది దాటవు. అయినా ఈ రోజు బెంగాలీలో పాడే ప్రతి రాక్ బ్యాండుకూ మూలపురుషులు వాళ్లే. ఆ ఆరేళ్లలో వాళ్లు కనిపెట్టిన పద్ధతి మన తెలుగు పాటకు కూడా పనికొస్తుందని నా నమ్మకం.

రాక్ సంగీతంలో సూపర్‌గ్రూప్ అన్న మాట ఉంది. వేర్వేరు చోట్ల పేరు తెచ్చుకున్న వాద్యకారులు ఒకచోట చేరితే ఏర్పడే బృందం అది. ఇంగ్లండులో ‘క్రీమ్’ 1966 నుంచి 1968 దాకా బతికింది. ‘బ్లైండ్ ఫెయిత్’ 1969లో పుట్టి ఆ ఏడాదే పోయింది. మన వైపు చూస్తే, జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుసేన్, విక్కు వినాయక్‌రామ్ కలిసిన ‘శక్తి’ కూడా 1970ల చివరికే విడిపోయింది. ఏళ్ల తర్వాత ‘రిమెంబర్ శక్తి’గా తిరిగి మొదలయ్యాక అందులో మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ ఒక స్తంభమై నిలిచారు. సొంత గొంతు బలంగా ఉన్నవాళ్లు కలిసినప్పుడు పాట ఎంత ఎత్తుకు లేస్తుందో, ఆ కలయికను నిలబెట్టడం అంత కష్టమవుతుంది.

మొహీనేర్ ఘోరాగులి ఆ అర్థంలో సూపర్‌గ్రూప్ కాదు, అందులో చేరినవాళ్లు అప్పటికి తారలు కారు. అది విద్యల కూటమి. గౌతమ్ చట్టోపాధ్యాయ పార్క్ స్ట్రీట్ బ్యాండుల్లో గిటార్ వాయించి రాక్ నేర్చినవారు, శాక్సోఫోన్ కూడా పట్టేవారు. ఆయన తమ్ముళ్లలో ప్రదీప్‌ది బేస్ గిటార్, వేణువు, విశ్వనాథ్‌ది డ్రమ్స్. అబ్రహాం మజుందార్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో తర్ఫీదు పొందిన వయొలినిస్టు, పియానో కూడా ఆయనదే. తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ గిటార్ పట్టి పాడేవారు. రంజన్ ఘోషాల్‌ది మాటల పని, వేదిక మీద నడిపించే పని. మొదట ఈ ఏడుగురూ ‘సప్తర్షి’ అని పేరు పెట్టుకున్నారు. తర్వాత జీవనానంద దాస్ రాసిన ‘ఘోడా’ కవితలోంచి కొత్త పేరు తీసుకున్నారు. రాక్ బ్యాండుకు ఇంగ్లిషు పేరే ఉండాలనుకునే కాలంలో ఒక ఆధునిక కవి చేతి మాటను నెత్తిన పెట్టుకోవడం చిన్న నిర్ణయం కాదు.

అప్పటి కలకత్తాలో పాటకు రెండు ఇళ్లుండేవి. ఒకటి పార్క్ స్ట్రీట్. ట్రింకాస్, బ్లూ ఫాక్స్, మొకాంబో వంటి రెస్టరెంట్లలో రాత్రిళ్లు జాజ్, రాక్ మోగేవి. దిలీప్ బాలకృష్ణన్ లాంటి ప్రతిభావంతులు ‘గ్రేట్ బేర్’, ‘హై’ బ్యాండుల్లో సొంత పాటలు కట్టారు, కానీ ఇంగ్లిషులో. రెండో ఇల్లు బెంగాలీ ‘ఆధునిక్ గాన్’. హేమంత ముఖర్జీ, మన్నా డే, సంధ్యా ముఖర్జీల తీయని గొంతుల్లో దుర్గాపూజకు కొత్త రికార్డులు వచ్చేవి. ప్రేమ, విరహం, వెన్నెల వాటి లోకం. ఈ రెండిళ్ల మధ్య కలకత్తా వీధి ఉంది. 1967 నక్సల్బరీ తర్వాత ఆ వీధిలో తుపాకులు మోగాయి, చదువుకునే కుర్రాళ్లు చచ్చిపోయారు. గౌతమ్ స్వయంగా ఆ ఉద్యమంలోకి వెళ్లి జైలు చూసినవారు. బయటికొచ్చాక కొంతకాలం బెంగాల్‌కు దూరంగా బతికి తిరిగొచ్చారు. ఆ వీధిని పాటలోకి తేవడానికి పై రెండిళ్లలో ఏ ఒక్కటీ చాలదని ఆయనకు అర్థమైంది. మూడో దారి బావుల్ చూపించాడు. బావుల్ ఎవరి ఆస్థానానికీ చెందడు. దేహమే గుడి అంటాడు, కులాన్ని లెక్కచేయడు, నడుస్తూ పాడతాడు. మన తత్వాల గాయకులకు దగ్గరి బంధువు. గౌతమ్ తన సంగీతానికి ‘బావుల్ జాజ్’ అని పేరు పెట్టారు.

ఈ జోడింపులో చిక్కు ఎక్కడుందో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. బావుల్ పాట ఒకే షడ్జమాన్ని పట్టుకొని సాగుతుంది. బావుల్ చేతిలోని ఒంటితీగ ఏక్‌తారా మోగించేది ఆ ఒక్క స్వరాన్నే. గాయకుడు ఎంత దూరం తిరిగినా ఆ స్వరం అరుగులా అక్కడే ఉంటుంది. గిటార్ పద్ధతి వేరు. కార్డు మారినప్పుడల్లా స్వరాల గుంపు మారుతుంది, ఆధారం కదులుతుంది. బావుల్ బాణీ కింద నాలుగు సెకన్లకొక కార్డు వేస్తే గమకం జారిపోయి, పాట సినిమా పాటలా వినిపిస్తుంది. అందుకని కార్డులు తగ్గించాలి, కింది తీగలను శ్రుతిలా మోగనివ్వాలి, వేణువుకూ వయొలిన్‌కూ గొంతు వెంట నడిచే పని అప్పగించాలి.

రెండోది లయ. బావుల్ దరువులో దెబ్బ కంటే దెబ్బకూ దెబ్బకూ నడుమ ఊగే ఊపు ముఖ్యం. ఖమక్ నరం సాగే ఆ క్షణంలోనే పాట ప్రాణం ఉంటుంది. జాజ్ వాళ్లు స్వింగ్ అనేది కూడా అలాంటి ఊపునే. డ్రమ్ములు ఆ ఊపును మింగకుండా మోస్తే రెండు లోకాలూ కలుస్తాయి. బావుల్ పక్కన జాజ్ అన్న మాట పెట్టడంలోని న్యాయం అదే.

మూడోది గొంతు. ఆధునిక్ గాన్‌లో ఒక్క తార పాడితే వాద్యబృందం వెనక ఉంటుంది. ఇక్కడ పాడేవాళ్లే వాయించేవాళ్లు. గొంతులు వేర్వేరు స్థాయుల్లో కలిసి పాడతాయి. నేర్పు చూపించే గొంతు కాదది, అరుగు మీద మాట్లాడుకునే గొంతు.

నాలుగోది మాట. 1977లో వచ్చిన మొదటి రికార్డు పేరుకు ‘కలవరపడ్డ పక్షుల గురించీ కలకత్తా గురించీ’ అని అర్థం. అందులో ‘హాయ్ భాలోబాసి’ అనే పాట పికాసో, డాంటే, బీటిల్స్, డిలన్, బీథోవెన్, రవిశంకర్, అలీ అక్బర్ అంటూ తాను ప్రేమించే పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పుకుపోతుంది. ఇన్ని ప్రేమలున్నా మనసుకు ఏదీ బాగుండటం లేదని దిగులు పడుతుంది. ఆ తరం గుండెను ఇంత సూటిగా చెప్పిన ప్రేమపాట అంతకుముందు లేదు. 1978లో వచ్చిన రెండో రికార్డు ‘అజానా ఉడంత బస్తు బా అ-ఉ-బ’. గుర్తుతెలియని ఎగిరే వస్తువు అనే మాటకు బెంగాలీ పొడి అక్షరాలవి. 1979లో మూడోది వచ్చింది.

ఆ పాటలు అప్పటి శ్రోతలకు వింతగా తోచాయి. పూజ పాటల తీపికి అలవాటుపడ్డ చెవికి ఇవి పాటల్లా వినిపించలేదు. వాళ్లు 1979లో రవీంద్ర సదన్‌లో, మరుసటి ఏడాది కలకత్తా జాజ్ ఉత్సవంలో వాయించారు. కానీ చప్పట్లతో ఏడుగురి ఇళ్లలో పొయ్యి వెలగదు. వయసు ముప్పై దగ్గర పడుతోంది, బతుకుతెరువు పిలుస్తోంది. తపేశ్ 1978లోనే వెళ్లిపోగా రాజా బెనర్జీ వచ్చారు. 1981 నాటికి ఎవరి దారి వాళ్లదైంది. రంజన్ ఘోషాల్ బెంగళూరులో స్థిరపడ్డారు. అబ్రహాం పాశ్చాత్య సంగీతం బోధనకు జీవితం ఇచ్చారు. గౌతమ్ సినిమాలోకి వెళ్లారు. ఆయన తీసిన ‘నాగమతి’కి 1983 సంవత్సరపు ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

అక్కడితో కథ ముగిసిపోయేది. కానీ కాలేజీ హాస్టళ్లలో, మేడల మీద, టీ కొట్ల దగ్గర ఆ పాటలు ఒకరి నోటి నుంచి మరొకరికి పాకుతూనే ఉన్నాయి. రాసిందెవరో తెలియకుండా పాడుకున్నారు, అచ్చం బావుల్ పాటల్లాగే. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ ‘తోమాకే చాయ్’ వచ్చి బెంగాలీ శ్రోత చెవిని మార్చింది. 1995లో గౌతమ్ కొత్త తరం బ్యాండులను కూడగట్టి ‘ఆబార్ బొఛొర్ కురి పొరే’, అంటే ‘మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత’ అనే క్యాసెట్ తెచ్చారు. తమ పాత పాటలను తామే పాడి అమ్ముకోలేదు. కుర్రాళ్లకు పాటలిచ్చి, వాళ్లను ముందు నిలబెట్టారు. ఆ క్యాసెట్‌లోని ‘పృథిబీటా నాకి’ బాణీయే 2006లో ‘గ్యాంగ్‌స్టర్’ సినిమాలో ‘భీగీ భీగీ’ అయి దేశమంతా మోగింది. అది వినడానికి గౌతమ్ లేరు, 1999 జూన్‌లోనే కన్నుమూశారు. రంజన్ 2020లో, తాపస్ 2023లో పోయారు. తాపస్ జబ్బుపడ్డప్పుడు ఆయన వైద్యానికి డబ్బు పోగుచేసిన వాళ్లలో ఆ బ్యాండు విడిపోయేనాటికి పుట్టనివాళ్లు ఎందరో.

నాకు ఈ కథ పదేపదే శ్రీకాకుళాన్ని గుర్తుచేస్తుంది. గౌతమ్ తరం కలకత్తాలో ఉద్యమంలోకి దిగిన ఆ ఏళ్లలోనే శ్రీకాకుళ ఉద్యమ కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో ఊరూరా పాడి, 1969 డిసెంబరులో తూటాలకు బలయ్యారు. ఒకే నిప్పు రెండు చోట్లా రగిలింది, ఒకే జాతి వాద్యం రెండు చోట్లా మోగింది. కలకత్తాలో అది గిటార్‌ను కలుసుకుంది. మన దగ్గర ఆ కలయిక ఇంకా పూర్తిగా జరగలేదు. జానపదాన్ని మనం సినిమా పాటలోకి తెచ్చుకున్నాం, కానీ చాలాసార్లు జముకును రంగు కోసం రెండు క్షణాలు మోగించి పక్కన పెట్టాం. మహీనుడి గుర్రాలు నేర్పింది వేరే పద్ధతి. పాట నడక జముకును బట్టి ఉండాలి, దానికి తగ్గట్టు గిటార్ తన కార్డులు తగ్గించుకోవాలి.

గిటార్ నేర్చుకుంటున్న మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ‘హాయ్ భాలోబాసి’ వినండి. తర్వాత ఊళ్లో మిగిలిన ఏ జముకుల కథకుడి దగ్గరికైనా వెళ్లి, ఒక రాత్రంతా పక్కన కూర్చోండి. మొదటి గంట గిటార్ సంచిలోనే ఉండనివ్వండి. ఆయన నరాన్ని లాగి, మీటకముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం చెవికి పట్టాక గిటార్ బయటికి తీయండి.