‘పూర్ణ’ - లెక్కకు రాని ప్రతిభ

అమీర్‌పేట కూడలి నుండి పంజాగుట్ట వైపు నడచువారికి దారి పొడవునా ముఖచిత్రములు కనిపించును. శిక్షణాలయముల ప్రకటనలపై ర్యాంకులు సాధించినవారు, చలనచిత్ర ప్రకటనలపై కథానాయకులు. అవకాశమే దక్కనివారి ముఖము ఏ గోడ మీదను ఉండదు. గెలిచినవారిని మాత్రమే చూచి ప్రతిభ ఎక్కడ పుట్టునో నిర్ణయించుట, నీరందిన మడిని మాత్రమే చూచి, ఎండిన మడిలోని విత్తనములన్నియు తాలుగింజలని తేల్చుట వంటిది.

రాహుల్ బోస్ దర్శకత్వమున 2017లో విడుదలయిన ‘పూర్ణ’ అను హిందీ చిత్రము ఈ పొరపాటును చక్కగా ఎత్తి చూపును. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన లంబాడా బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కినది. అప్పటికామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి గుట్టపై జరిగిన శిక్షణలో ఆమె సామర్థ్యము బయటపడినది.

చిత్రములో మిక్కిలి విలువైన పాత్ర పూర్ణ కాదు, ఆమె సోదరి వరుస అయిన ప్రియ. గురుకులమునకు పోవలెనను ఆశ ముందుగా కలిగినది ప్రియకే. కాని ఆమెకు చిన్ననాడే పెండ్లి చేయుదురు. ఒకే ఇంటి వాతావరణము, ఒకే ఉత్సాహము. ఒకరికి నీరందినది, ఒకరికి అందలేదు. ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి చూపుటలోనే దర్శకుని నిజాయితీ ఉన్నది. ప్రియ లేనిచో ఇది మరియొక విజేత కథగా మిగిలెడిది.

లోపములు లేకపోలేదు. తండాలో లంబాడీ, బడిలో తెలుగు వినవలసిన చోట హిందీ వినిపించును. విశాల ప్రేక్షకలోకము కొరకు అట్లు చేసి యుండవచ్చును. కాని బాలిక రూపమునకు తెరపై చోటిచ్చి, ఆమె మాటకు చోటీయకుండుట సగము ప్రాతినిధ్యమే. ఆమెతో పాటు శిఖరమెక్కిన ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్‌కు దక్కవలసినంత చోటు దక్కలేదు. అప్పటి కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ పాత్రను దర్శకుడే ధరించినాడు. ఆ పాత్ర బలముగానున్నది. అయితే ఒక్క అధికారి మంచితనము వలననే ఇది సాధ్యమయినదని విద్యార్థి అనుకొను ప్రమాదము కలదు. బడి, భోజనము, శిక్షణ అను ఏర్పాటే అసలు కారణము.

చిత్రము విడిచిన శాస్త్ర విషయమును ఉపాధ్యాయులు పూరింపవచ్చును. 8,848 మీటర్ల ఎత్తున కూడ గాలిలో ప్రాణవాయువు పాలు నూటికి 21 వంతులే. కాని వాయుపీడనము సముద్రమట్టమున ఉండు దానిలో మూడవ వంతు మాత్రమే. అందువలన రక్తమునకు చాలినంత ప్రాణవాయువు అందదు. ఎత్తునకు ఎవరి దేహము ఎంత త్వరగా అలవాటు పడునో క్రిందనుండి చూచి చెప్పుట కష్టము. కులము, ఇల్లు, భాష దానిని చెప్పజాలవు. ఎక్కించి చూడవలసినదే.

తరగతి గదిలోని ప్రతిభ సంగతియు ఇంతే. ఈ చిత్రము చూచిన ఉపాధ్యాయుడు మరునాడు హాజరుపట్టీ తెరచినపుడు, మొదటి మార్కు వచ్చిన పేరుకంటె ముందు, ఈ ఏడు బడి మానివేసిన బాలిక పేరును వెదకినచో చిత్రము తన పని చేసినట్లే.