కోలాటంలోకి కొత్తగా దిగేవాళ్ళకి

సంతబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్ళలో పండగ దగ్గరపడితే రాత్రి భోజనాలయ్యాక రామమందిరం ముందు కోలల చప్పుడు మొదలవుతుంది. ఆడేవాళ్ళకంటే అరుగుల మీద కూచున్నవాళ్ళే ఎక్కువ. ‘ముందు చూసి నేర్చుకుంటాం’ అంటారు. చూస్తే కోలాటం రాదు. ఇంట్లో అద్దం ముందు అసలే రాదు. కోల తగలాలంటే ఎదుట ఇంకో కోల ఉండాలి కదా!

దిగండి. అయితే ఇద్దరు కొత్తవాళ్ళు కలిసి జత కట్టకండి. సిగ్గుకొద్దీ అందరూ చేసేది అదే, ఇద్దరూ కలిసే మునుగుతారు. చేయి తిరిగిన మనిషిని వెతుక్కోండి. మొదట కోలలు పక్కన పెట్టి, ఉత్త చేతులతో కోపు, అంటే ఆ అడుగుల వరస, ఒకసారి నడిచి చూడండి. ‘కాళ్ళకేసి ఏటి సూత్తావు? ఎదరోలికేసి సూడు’ అని మా వైపు పెద్దలు కసిరేది ఊరికే కాదు. తల దించితే దెబ్బ తప్పుతుంది, ఒక్కోసారి వేళ్ళ మీద పడుతుంది. తప్పినా ఆగొద్దు. లోపలి వలయం ఒకవైపు, వెలుపలి వలయం ఎదురువైపు జరుగుతుంటాయి కాబట్టి తరవాతి జత తనే మీ ముందుకొస్తుంది. నౌపడ ఉప్పు మడుల నుంచి వచ్చిన మనిషితో ఒక దెబ్బ, జీడితోట రైతుతో మరొకటి.

ఇలాగే జతలు మారుతూ సాగే ఆట అమెరికాలో కాంట్రా డాన్స్ అని ఒకటుంది. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ అచ్చువేసిన పల్లె నాట్యాల వంశమే, న్యూ ఇంగ్లండ్‌లో నిలదొక్కుకుంది. అక్కడ వలయాలుండవు, రెండు పొడవాటి వరసలు. 64 తాళపు దెబ్బల పాట ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి జంటా ఒక చోటు జరిగి కొత్త జంటను కలుస్తుంది. పాట మొదలవకముందే అడుగులు చెప్పేవాడు అందరినీ ఒకసారి నడిపిస్తాడు. ఆట సాగాక అడుగు కంటే కాస్త ముందుగా కేక వేస్తాడు, అందరికీ వచ్చేసిందనిపిస్తే నోరు మూసుకుంటాడు. ఆ చివరిది మన కోలాటం గురువుల్లో కొందరు నేర్చుకోవాలి.

ఫిడేలు వాయించేవాళ్ళు మాత్రం ఎదురుగా ఉండాల్సిందే అని కాంట్రా ఆడేవాళ్ళకి పట్టుదల. మన ఊరేగింపుల్లో ఇప్పుడు సౌండ్ బాక్సులో పాట పెట్టేస్తున్నారు. ఒకే రంగు చీరల్లో చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ రికార్డు ఎవరి కోసమూ ఆగదు. పాడే గురువైతే కొత్త చేయి తడబడగానే అదే చరణం మళ్ళీ నిదానంగా ఎత్తుకుంటాడు, కుదిరాకే వేగం పెంచుతాడు. పండగ రోజున బాక్సు పెట్టుకోండి, కాదనను. నేర్చుకోవడానికి మాత్రం డోలక్కూ తాళాలూ పాడే గొంతూ ఉన్న చోటికే వెళ్ళండి.