బరువు తీయాల్సింది బ్యారెల్‌లోంచి కాదు

హిమాలయన్ టార్ మన కొండల జంతువు, చట్ట రక్షణ ఉన్న జంతువు. దాన్ని 1904లో ఇంగ్లండ్ నుంచి న్యూజిలాండ్ తీసుకెళ్ళి మౌంట్ కుక్ దగ్గర వదిలారు. వేటాడి తినే మృగాలు అక్కడ లేకపోవడంతో మందలు పెరిగి కొండమొక్కలను మేసేస్తున్నాయి. ఆ మందలను తగ్గించడంలో వేటగాళ్ళకూ పాత్ర ఉంది. ఆ నిట్టనిలువు వాలులు ఎక్కేవాళ్ళు తేలికైన రైఫిల్ కోరుకోవడం న్యాయమే. అయితే చాలామంది ముందుగా పెన్సిల్ లాంటి బ్యారెల్‌కూ ఖరీదైన కార్బన్ స్టాక్‌కూ డబ్బు పెడతారు. నా లెక్కలో ఆ వరస తప్పు. తూటా, మందు మారకుండా నాలుగు కిలోల రైఫిల్‌ను మూడు కిలోలకు దించితే భుజాన్ని తన్నే శక్తి మూడోవంతు పెరుగుతుంది. పైగా ముందువైపు బరువు లేని బ్యారెల్, ఎక్కి ఆయాసపడుతున్న మనిషి చేతిలో నిలకడగా ఉండదు.

అసలు మిగులు స్కోప్‌లో ఉంది. 5-25×56 రకం స్కోప్ దాదాపు కిలో తూగుతుంది. 2.5-8×36 రకం అందులో మూడోవంతే. స్కోప్ రైఫిల్ పైభాగాన కూర్చుంటుంది కనుక అక్కడ తగ్గిన బరువు రైఫిల్ పక్కకు ఒరిగే గుణాన్ని కూడా తగ్గిస్తుంది. రెండో మిగులు తూటా ఎంపికలో వస్తుంది. .308 విన్‌చెస్టర్, 7ఎంఎం-08 లాంటివి పొట్టి యాక్షన్‌లో ఇముడుతాయి, 20 అంగుళాల బ్యారెల్‌తోనే బాగా పనిచేస్తాయి. మాగ్నమ్ రకం తూటాలలో ఎక్కువ మందు మండాలి, అందుకు పొడవైన బ్యారెల్ కావాలి. సప్రెసర్ బరువు మాత్రం భరించదగ్గదే: చెవులను కాపాడుతుంది, తన్నును తగ్గిస్తుంది.

లోయ అవతలి గట్టు మీది జంతువును కొట్టాలంటే పెద్ద స్కోప్ తప్పదని కొందరు అంటారు. మూడు వందల మీటర్లకు ఎనిమిది రెట్లు చూపు చాలు. అంతకు మించితే తూటాను పక్కకు నెట్టేది లోయలో సుడులు తిరిగే గాలి, దాన్ని ఏ అద్దమూ సరిచేయలేదు. గాయపడిన టార్ మనిషి దిగలేని కొండచరియలో పడితే అక్కడే నరకయాతనతో చస్తుంది. ఆ దూరం నుంచి పేల్చకపోవడమే సరి. రైఫిల్ బదులు సంచి బరువు తగ్గించుకోవచ్చు కదా అన్న మాటలో నిజం ఉంది, తగ్గించుకోవాలి కూడా. కానీ సంచి బరువు నడుము పంచుకుంటుంది, రైఫిల్ బరువును ఒక భుజమో రెండు చేతులో మోయాలి.

కొనబోయేవారికి ఒక్క మాట: కంపెనీ రాసే బరువు సాధారణంగా ఖాళీ రైఫిల్‌ది. స్కోప్, మౌంట్లు, సప్రెసర్, స్లింగ్, నిండు మ్యాగజైన్ అన్నీ కలిపి తూచి, మూడున్నర కిలోల దగ్గర ఆగండి.