సాదృశ్యమంటే ఏది? - ఎలక్ట్రానిక్ ఆల్బమ్, కిన్నెర కథ: ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇష్టమైన ఒక ఎలక్ట్రానిక్ సంగీత ఆల్బమ్‌ను పోలిన మరొకదాన్ని వెతికే శ్రోత ముందు ‘పోలిక’ అంటే ఏమిటన్న ప్రశ్న నిలుస్తుంది. ఈ ప్రశ్నను ఆనందవర్ధనుని ‘ప్రబంధధ్వని’, ‘సంవాదం’ అనే భావనల వెలుగులో పరిశీలించి, ఆ సాదృశ్యం అమ్రాబాద్ ప్రాంతపు కిన్నెర కథాగానంలో ఎంతవరకు నిలుస్తుందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రబంధధ్వని, సంవాదం, యాంబియంట్ సంగీతం, పన్నెండు మెట్ల కిన్నెర, అమ్రాబాద్.

1. ప్రవేశిక:
విడిపాటను ఇష్టపడటం వేరు, ఆల్బమ్‌ను ఇష్టపడటం వేరు. మొదటిదానిలో పల్లవి గుర్తుంటుంది. రెండోదానిలో ఒక వాతావరణం గుర్తుంటుంది. బ్రయన్ ఈనో 1978లో వెలువరించిన ‘యాంబియంట్ 1: మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’లో ఉన్నవి నాలుగే ఖండికలు. వాటిలో ఒకదానికి ఆధారం వేర్వేరు నిడివి గల టేపు చుట్లపై ముద్రించిన కంఠస్వరాలు. చుట్ల నిడివి ఒకటి కాకపోవడంతో స్వరాలు కలిసే తీరు ప్రతిసారీ మారుతుంది. వినిపించేవి అవే స్వరాలు, కాని కూర్పు మాత్రం కొత్తది. ఈ ఆల్బమ్‌కు సాటి రాగలదాన్ని వెతికేవారు ఏ గుణాన్ని ప్రమాణంగా తీసుకోవాలి?

2. ఆల్బమ్ - ప్రబంధధ్వని:
రసాదుల వ్యంజకత వర్ణం, పదం, వాక్యం, సంఘటనలతో పాటు ప్రబంధమంతటిలోనూ ఉంటుందని ‘ధ్వన్యాలోకం’ మూడవ ఉద్ద్యోతం నిరూపించింది. ఏ ఒక్క పద్యంలోనూ విడిగా దొరకని అర్థం మొత్తం కృతి నుండి స్ఫురించడమే ప్రబంధధ్వని. వాతావరణ ప్రధానమైన ఆల్బమ్‌కు ఈ మాట చక్కగా అన్వయిస్తుంది. కె.ఎల్.ఎఫ్. బృందం 1990లో రూపొందించిన ‘చిల్ అవుట్’ అమెరికా దక్షిణ తీరం వెంబడి సాగే ఒక ఊహాత్మక రాత్రి ప్రయాణం. రైలు చప్పుడు, గొర్రెల అరుపులు, రేడియో ముక్కలు అందులో ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. దాని నుండి ఒక్క నిమిషాన్ని విడదీసి వింటే ప్రయాణం పోయి చప్పుడు మిగులుతుంది.

3. సంవాదం మూడు విధాలు:
కృతుల మధ్య పోలికను ఆనందవర్ధనుడు నాలుగవ ఉద్ద్యోతంలో ‘సంవాదం’ అన్నాడు. ప్రతిబింబం వంటిది, చిత్రపటం వంటిది, ఇద్దరు దేహధారుల మధ్య ఉండే పోలిక వంటిది అని దాన్ని మూడు విధాలుగా విభజించాడు. మొదటిదానికి తనదంటూ ఆత్మ లేదు. రెండవదానిది తుచ్ఛమైన ఆత్మ. మూడవదానికి తనదైన ఆత్మ ఉంది. అందుకే మొదటి రెండూ త్యాజ్యాలు, మూడవది గ్రాహ్యం.

శ్రోత అన్వేషణకు ఈ విభజన మంచి గీటురాయి. అదే సింథసైజర్, అదే లయవేగం ఉన్నాయని ఎంచుకున్న ఆల్బమ్ తరచుగా ప్రతిబింబమే అవుతుంది. బోర్డ్స్ ఆఫ్ కెనడా రూపొందించిన ‘మ్యూజిక్ హ్యాజ్ ది రైట్ టు చిల్డ్రన్’ (1998), బరియల్ రూపొందించిన ‘అన్‌ట్రూ’ (2007) లయలో గాని నాదంలో గాని ఒకటి కావు. మొదటిది అరిగిన టేపు నాదంతో, పిల్లల గొంతులతో బాల్యాన్ని స్మరిస్తుంది. రెండవది గ్రామఫోను రికార్డు చిటపటలతో, స్థాయి మార్చిన కంఠాలతో రాత్రివేళ నగరాన్ని స్ఫురింపజేస్తుంది. అయినా మాధ్యమపు అరుగుదలనే జ్ఞాపకానికి వ్యంజకంగా మలచడంలో అవి రెండూ తుల్యదేహులు.

సంవాదం ఉన్నంత మాత్రాన అనుకరణ ఉన్నట్లు కాదనడానికి భారతీయ నిదర్శనం చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినీ సంగీతకారుడైన ఆయన 1982లో రోలాండ్ వాద్యాలపై పది రాగాలను డిస్కో లయలో వాయించి ఆల్బమ్‌గా తెచ్చాడు. అవే వాద్యాలతో చికాగోలో రూపొందిన యాసిడ్ హౌస్ సంగీతం ఆ దశకం ద్వితీయార్ధానికి చెందినది. 2010లో ఆల్బమ్ పునర్ముద్రణ జరిగాకే ఈ పోలిక లోకం దృష్టికి వచ్చింది.

4. అమ్రాబాద్ ప్రాంతపు కిన్నెర:
ఈ ప్రమాణంతో చూస్తే తెలుగు శ్రోతకు సజాతీయమైన కృతి ఎలక్ట్రానిక్ సంగీతంలోనే దొరకాలన్న నియమం లేదు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, అమ్రాబాద్ అడవుల అంచున ఉన్న లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న, మియాసాబ్ మొదలైన వీరుల కథలు పాడే కళాకారుడు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, మైనంతో నిలిపిన మెట్లు: ఇవే ఆ వాద్యానికి సామగ్రి. ఒక్క వాద్యం, ఒక్క గొంతు. పాట ఆగినా తీగ ఆగదు. కథ మలుపు తిరిగినా నాదం మారదు. పరిమితమైన స్వరసామగ్రి పునరావృత్తి వల్ల ఒక లోకమే నిర్మితమవుతుంది. ఈనో టేపు చుట్లకూ ఈ కథాగానానికీ తుల్యదేహిత్వం ఇక్కడే ఉంది.

అయితే ఈ సాదృశ్యానికి హద్దు ఉంది. యాంబియంట్ సంగీతం శ్రోత అవధానాన్ని కోరకుండానే పరిసరంలో కలిసి ఉండగలదు. కిన్నెర కథ ఎదుట కూర్చున్న వారిని పలకరిస్తుంది. డక్కలి కళాకారుల వంశపారంపర్య జీవికను, పేదల పక్షాన నిలిచిన వీరుల స్మృతిని అది మోస్తుంది. పోలిక నిర్మాణంలోనిదే, ప్రయోజనంలోనిది కాదు. ఈ భేదాన్ని మరచి కిన్నెరను కేవలం ‘వాతావరణం’గా వింటే కథ నాయకుణ్ణి కోల్పోతుంది.

‘భీమ్లా నాయక్’ (2022) చిత్ర శీర్షిక గీతం మొగులయ్య గొంతుతో, కిన్నెరతో మొదలవుతుంది. ఆ వాద్యం పేరు లక్షలాది మందికి చేరడంలో ఆ పాట పాత్ర కాదనలేనిది. కాని సినిమా పాటలో కిన్నెర ప్రవేశికగా మాత్రమే ఉంటుంది. ఆనందవర్ధనుని పరిభాషలో అది చిత్రపటం: ఆకృతి ఉంది, ప్రబంధం లేదు.

5. ఉపసంహారం:
ఆల్బమ్‌ను పోలిన ఆల్బమ్‌ను వెతికేవారు నాదసామ్యాన్ని గాక, మొత్తం కృతి స్ఫురింపజేసే అర్థాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. ఈ నిర్ణయానికి పరిశోధన రంగంలోనూ ప్రయోజనం ఉంది. కిన్నెర కథను రెండు మూడు నిమిషాల తునకలుగా ముద్రిస్తే వాద్యం నమూనా మిగులుతుంది, ప్రబంధధ్వని పోతుంది. క్షేత్రపర్యటనకు వెళ్ళే పరిశోధకులు కథను ఆరంభం నుండి మంగళం వరకు, నడుమ వచ్చే మాటలతో, విరామాలతో, శ్రోతల స్పందనతో సహా ఏకధాటిగా ధ్వనిముద్రణ చేయడం అవసరం. అటువంటి సమగ్ర ధ్వనిముద్రణ ఉన్నప్పుడే, ఈనో ఆల్బమ్‌కు సాటి రాగలదేదని రేపటి శ్రోత అడిగితే అమ్రాబాద్ పేరు చెప్పడం సాధ్యమవుతుంది.