వినేవారి వంతు: స్థానిక బ్యాండ్ ప్రదర్శనపై ఒక పరిశీలన

1. ప్రవేశిక

గేయాన్ని అక్షరరూపంలో చదివి విమర్శించే పద్ధతి మీకు పరిచయమే. పల్లవి, చరణాలు, ఛందస్సు, భాష, భావం మొదలైన వాటిని ఎలా పరిశీలించాలో మీకు తెలుసు. ఈ పాఠంలో ఆ పద్ధతికి పూర్తిగా అందని ఒక విషయాన్ని చర్చిద్దాం. ఒక చిన్న స్థానిక బ్యాండ్ మన ఎదుట నిలబడి పాడినప్పుడు మనసు ఎందుకు అంతగా కదులుతుంది? అదే పాటను ఫోనులో విన్నప్పుడు ఆ కదలిక ఎందుకు తగ్గుతుంది?

సినిమాతో సంబంధం లేకుండా తమ పాటలు తామే రాసుకుని, బాణీలు కట్టుకుని పాడే బృందాలను ఇండీ బ్యాండ్‌లు అంటున్నారు. హైదరాబాదుకు చెందిన ‘చౌరస్తా’ బృందం ఇందుకు మంచి ఉదాహరణ. జానపద బాణీని రెగ్గే లయతో కలిపి పాడిన ‘ఊరెళ్లిపోతా మామా’ పాటతో ఆ బృందం ఎందరికో చేరువైంది. సినిమా పాటకు కథ, సన్నివేశం, నటుల ముఖాలు తోడుగా ఉంటాయి. ఇండీ పాటకు అవేవీ ఉండవు. తన సందర్భాన్ని తానే ఏర్పరచుకోవాలి. ప్రదర్శనలో ఆ పని ఎలా జరుగుతుందో ఒక అనుభవం ద్వారా చూద్దాం.

2. ఒక సాయంత్రం

హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010లో ‘లామకాన్’ అనే సాంస్కృతిక వేదిక ప్రారంభమైంది. ఉద్యోగ విరమణ తరువాత ఒక సాయంత్రం నా పూర్వ విద్యార్థి బలవంతం మీద అక్కడికి వెళ్లాను. పాడేది నలుగురు యువకుల బృందం. గిటారు, డ్రమ్ముల హోరులో తెలుగు మాట బతకదనే అభిప్రాయంతోనే కూర్చున్నాను. మొదటి రెండు పాటలు నా అభిప్రాయాన్నే బలపరిచాయి. వాద్యాల కింద మాటలు నలిగిపోయాయి.

మూడో పాట వేరు. తాతగారి ఇంటికి తాళం వేసి పట్నం చేరిన ఒక కుటుంబం గురించిన పాట అది. ఇల్లు ఊళ్లో ఉంది, తాళంచెవి పట్నంలో గోడమేకుకు వేలాడుతోంది. పల్లవి చివర గాయకుడు తన ఊరి పేరు పలికాడు. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు ఆ పేరు దగ్గర ఆగి, మైకును మావైపు తిప్పాడు. ఎవరూ పలకలేదు. డ్రమ్ము ఒక్కటే నెమ్మదిగా మోగింది. చూసేవారికే ఇబ్బందిగా అనిపించిన క్షణం అది. అయినా అతను ఆ ఖాళీని తన గొంతుతో పూరించలేదు.

మూడోసారి వెనుక వరుసలో ఒకామె తన ఊరి పేరు చెప్పింది. నాలుగోసారి పది గొంతులు పది ఊళ్ల పేర్లు పలికాయి. ఆ తరువాత ఏ పేరూ విడిగా వినిపించలేదు. నేనూ మా ఊరి పేరు పలికాను. మా అమ్మ పోయాక ఆ పేరును బయటికి అనవలసిన అవసరం నాకు రాలేదని అప్పుడే గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకున్నాను. పక్కనున్న నా విద్యార్థి చూడనట్టే ఊరుకున్నాడు.

తరువాత ఆ పాట రికార్డింగును ఇంట్లో విన్నాను. వాద్యాలు శుభ్రంగా వినిపించాయి, గొంతు ఎక్కడా తడబడలేదు. కాని పల్లవి చివర ప్రతిసారీ గాయకుడి ఊరి పేరే వచ్చింది. నా ఊరికి అందులో చోటు లేదు.

3. వంత పాడే సంప్రదాయం

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. బుర్రకథలో తంబుర పట్టుకున్న కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. వారిలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయ వ్యాఖ్యానం చేస్తారు. కథకుడి మాటకు వారు తాళం వేస్తారు, అడ్డు తగులుతారు, ప్రశ్నిస్తారు. వినేవారి మనసులోని ప్రశ్నను వేదిక మీద వంత అడుగుతుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ఎంతో ఎత్తుకు తీసుకువెళ్లాడు. ఆయన కథల పాఠాన్ని మాత్రమే చదివితే ఆ సభలో జరిగినది మనకు సగమే తెలుస్తుంది. నేను చూసిన బ్యాండు వంత స్థానాన్ని శ్రోతలకే ఇచ్చింది.

రససిద్ధాంతంలోని ‘సాధారణీకరణం’ అనే భావన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఒక పాత్ర దుఃఖం ఆ వ్యక్తికే పరిమితం కాకుండా సహృదయులందరి అనుభూతిగా మారడమే సాధారణీకరణం. సాధారణంగా దీనిని వివరించేటప్పుడు వ్యక్తిగత విశేషాలు తొలగిపోతాయని చెబుతాం. ఆ సాయంత్రం మరొక విధంగా జరిగింది. ఎవరి ఊరు వారికి ఉంటూనే బాధ అందరిదీ అయింది.

4. నా పొరపాటు

డాక్టరేటు పరిశోధన కోసం నేను నాట్ల పాటలు సేకరించాను. ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవారు అందుకునేవారు. క్యాసెట్ల నుంచి రాసుకునేటప్పుడు అందరూ కలిసి పాడే భాగాన్ని ఒక్కసారే రాసి, తరువాత ‘పునరుక్తి’ అని గుర్తు పెట్టి వదిలేశాను. సిద్ధాంత గ్రంథంలో పుటలు తగ్గాయని సంతోషించాను కూడా. పాటలో పదిమందికీ చోటిచ్చిన భాగాన్నే నేను కొట్టివేశానని లామకాన్‌లో కూర్చున్న తరువాత అర్థమైంది. ఆ స్త్రీలలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ తప్పును దిద్దుకునే అవకాశం నాకు లేదు, మీకు ఉంది.

5. ఉద్వేగాన్ని తూచడం ఎలా?

మీరు ఒక సందేహం లేవనెత్తవచ్చు. పెద్ద స్పీకర్లు, చీకటి, జనం ఉంటే ఎవరికైనా ఊపు వస్తుంది కదా, దానిని కళాశక్తి అనవచ్చా? సందేహం న్యాయమైనదే. దీనికి రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: శ్రోతల నుంచి కోరిన స్పందన ఆ పాట అర్థం నుంచి పుట్టిందా? ‘చేతులెత్తండి, కేకలు వేయండి’ అనే పిలుపు ఏ పాటకైనా సరిపోతుంది. ఊరి పేరు చెప్పమనడం తాళం వేసిన ఇంటి పాటకే సరిపోతుంది. రెండవది: శబ్దం ఆగిన తరువాత ఏమి మిగిలింది? ఆ బృందమే చివరి పాటలో మాతో గంతులు వేయించింది. ఆ పాట ఏమిటో నాకు ఇప్పుడు గుర్తు లేదు.

6. సారాంశం

ప్రత్యక్ష ప్రదర్శనలో పాట పూర్తయి మన ముందుకు రాదు. కొంత భాగం వినేవారి వంతుగా మిగులుతుంది. ఆ భాగాన్ని పాట ఎంత సహజంగా మనకు అప్పగించిందో, మనం దానిని ఎలా అందుకున్నామో విమర్శకుడు గమనించాలి. సాహిత్యం, బాణీ, వాద్యాలతో పాటు ఇదీ విమర్శకు విషయమే.

7. అభ్యాసం

మీలో చాలామంది పని ముగించుకుని, బస్సులోనో ఇంట్లోనో ఒంటరిగా చదువుకునేవారు. ఈ అభ్యాసానికి మాత్రం నలుగురిలోకి వెళ్లండి. పట్నం పోనక్కర లేదు. మీ ఊరి భజన బృందం, జాతరలో డప్పుల దళం, కళాశాల బ్యాండు, ఏదైనా సరే. ఒక పాటను ప్రత్యక్షంగా వినండి. వినేవారు ఎక్కడ గొంతు కలిపారో, ఎక్కడ మౌనంగా ఉన్నారో గుర్తించి రెండు పుటల వ్యాసం రాయండి. మీరు ఎక్కడ గొంతు కలిపారో కూడా రాయండి. పునరుక్తులను వదిలివేయకండి.